తలుపు లోపలి భయం: నిరాశ్రయ మహిళల, పిల్లల ఆశ్రయాలు ఎలా నడవాలి?

క్లుప్తంగా

హింస నుంచి పారిపోయి వచ్చే మహిళలకు, పిల్లలకు మన దగ్గర ఆశ్రయాలున్నాయి. వాటి నిబంధనలు మాత్రం చాలావరకు కాపలా కోసం రాసుకున్నవి. కొన్నిసార్లు అవి, ఆమె వదిలి వచ్చిన ఇంటినే మళ్లీ గుర్తుచేస్తాయి. ‘ట్రామా ఇన్ఫార్మ్‌డ్ కేర్’ (మనసుకు తగిలిన గాయాన్ని దృష్టిలో పెట్టుకుని చూసుకోవడం) అంటే హోమ్‌లో ఒక కౌన్సెలర్‌ను పెట్టడమని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి మార్పు రావాల్సింది గేటు దగ్గర, రిజిస్టర్‌లో, తాళాల గుత్తిలో, ఉండనిచ్చే గడువులో. ఆశ్రయం తర్వాత అద్దె ఇంటికి దారి లేకపోతే లోపల ఎంత బాగా చూసుకున్నా ఆ మేలు నిలవదు.

లెక్కకు దొరకని నిరాశ్రయులు

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫాంల మీద, గుళ్ల దగ్గర ఉన్నవారిని లెక్కపెట్టారు. ఇలా వెతికితే ఎక్కువగా కనబడేది మగవాళ్లే. ఒంటరి ఆడమనిషి, అందులోనూ పిల్లల తల్లి, నలుగురి కళ్లూ పడే చోట పడుకోదు. బస్టాండ్‌లో తెల్లవారుజాము బస్సు కోసం వచ్చినట్టు కూర్చుంటుంది. ప్రభుత్వాసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా సర్దుకుంటుంది. అక్క ఇంట్లో నెల, పిన్ని ఇంట్లో పది రోజులు, పనిచేసే అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఇంకొన్నాళ్లు గడుపుతుంది. ఆమెకు ఇల్లు లేదు, అయినా ఏ జాబితాలోనూ ఆమె పేరుండదు.

ఆమె రోడ్డు మీదికి వచ్చిన దారి కూడా వేరు. పని వెతుక్కుంటూ ఊరు దాటి, కూలి దొరక్క ఫుట్‌పాత్ మీద పడుకునే మగవాడిని బయటికి నెట్టింది పేదరికం. మహిళల్లో చాలామందిని బయటికి నెట్టింది సొంత ఇల్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామని చెప్పినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3. అదే సర్వేలో, హింస ఎదుర్కొన్నవారిలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. అంటే ఒక మహిళ సంచి సర్దుకుని గడప దాటే సమయానికి ఆ హింసకు ఏళ్ల వయసుంటుంది.

గృహహింస చట్టం 2006 నుంచి అమల్లో ఉంది. కాపురం చేసిన ఇంట్లోనే ఉండే హక్కు భార్యకు ఉందని అది స్పష్టంగా చెబుతోంది. అవసరమైతే కొట్టే మనిషినే ఇంట్లోంచి బయటికి పంపమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఆచరణలో జరిగేది దీనికి తలకిందులు. పుట్టింటివాళ్లు ‘సర్దుకుపోమ్మా’ అంటారు, స్టేషన్‌లో రాజీ కాగితం రాయిస్తారు, చివరికి సంచి పట్టుకుని వెళ్లేది ఆమే. కాబట్టి మహిళల నిరాశ్రయత్వంలో కొంత భాగం చట్టం అమలు కాకపోవడం వల్ల పుట్టినదే. ఆశ్రయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తరచూ పక్కకు పోతుంది.

ఇంకా ఎందరో ఉన్నారు. కొడుకులు వదిలేసిన వితంతువులు, అక్రమ రవాణా నుంచి బయటపడినవారు, మానసిక అనారోగ్యంతో ఊళ్లు దాటి వచ్చేసినవారు, హోమ్‌లో పెరిగి 18 నిండగానే బయటికి వచ్చిన అమ్మాయిలు. వీళ్లలో ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్నది ఇల్లు లేకపోవడానికి ముందే తగిలిన దెబ్బ.

దెబ్బ ఆగినా ఆగని భయం

ఏళ్ల తరబడి హింస భరించిన మనిషి శరీరం, ప్రమాదం తప్పిన తర్వాత కూడా ప్రమాదంలోనే ఉన్నట్టు పనిచేస్తుంది. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. గుండె దడదడలాడుతుంది, ఒత్తిడి హార్మోన్లు ఎగబాకుతాయి, నిదానంగా ఆలోచించి తేల్చుకునే శక్తి ఆ క్షణానికి తగ్గిపోతుంది. అప్పుడు మనిషి ఎదురు తిరుగుతుంది, లేదా పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. హోమ్ సిబ్బంది నోట ఈ మూడింటికీ వేరే పేర్లున్నాయి. ఎదురు తిరిగితే ‘పొగరు’. పారిపోతే ‘చెప్పకుండా వెళ్లిపోయింది’. కొయ్యబారితే ‘ఎంత అడిగినా నోరు విప్పదు, మొండిఘటం’.

జ్ఞాపకం సంగతీ ఇంతే. విపరీతమైన భయంలో జరిగినవి వరుసగా గుర్తుండవు, ముక్కలుగా ఉంటాయి. ఒక వాసన, ఒక మాట, చొక్కా రంగు స్పష్టంగా గుర్తుంటాయి. తేదీ, ముందూ వెనకా కలగాపులగమవుతాయి. మొదటి రోజు చెప్పినదానికీ, వారం తర్వాత చెప్పినదానికీ తేడా వస్తే ‘అబద్ధాలాడుతోంది’ అని రాసేస్తారు. ఆ మాట ఒకసారి ఫైల్లోకి ఎక్కితే కోర్టు దాకా వెంటాడుతుంది.

పిల్లల్లో ఇది వేరేలా బయటపడుతుంది. ఆరేడేళ్ల పిల్లవాడు మళ్లీ పక్క తడపడం మొదలుపెడతాడు. అన్నం ముద్దలో బిస్కెట్లో దిండు కింద దాస్తాడు. తల్లి స్నానానికి వెళ్లినా తలుపు పట్టుకుని ఏడుస్తాడు. తోటి పిల్లల మీద చెయ్యి చేసుకుంటాడు. దాచిన అన్నానికి చీమలు పట్టాయని తిట్టడం తేలిక. రేపు కూడా అన్నం పెడతారన్న నమ్మకం కుదరక దాస్తున్నాడని గ్రహిస్తే చేయాల్సింది ఇంకొకటి ఉంది: పిల్లలు అడగకుండానే తీసుకునేలా ఒక డబ్బాలో ఏవైనా చిరుతిళ్లు పెట్టి ఉంచడం.

హింస చూసిన ప్రతి ఒక్కరూ రోగులని దీనర్థం కాదు. భయం లేని చోటు, వేళకు తిండి, మారని దినచర్య, నమ్మదగిన ఒక పెద్ద మనిషి తోడు దొరికితే చాలామంది మందులు లేకుండానే తేరుకుంటారు. ఆశ్రయం నడిచే తీరే చికిత్సలో సగమని వైద్యులు చెప్పేది ఇందుకే.

ట్రామా ఇన్ఫార్మ్‌డ్ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికాలో 1998లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చర్చను మలుపు తిప్పింది. వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ), కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ కలిసి దీన్ని చేపట్టాయి. శాన్‌డియాగోలో 9,500 మందికి పైగా పెద్దవాళ్లను చిన్నతనంలో ఎదురైన కష్టాల గురించి అడిగారు. ఇంట్లో హింస, వేధింపు, తాగుడు లాంటివి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ చూసినవారిలో మద్యం వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు కనిపించింది. అందులో పాల్గొన్నవారు ఎక్కువగా బీమా ఉన్న మధ్యతరగతి మనుషులు. మానసిక గాయం పేదలకే పరిమితమన్న భావనకు అక్కడే గండిపడింది.

2001లో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలో అనే మానసిక నిపుణులు సేవా సంస్థల ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. వచ్చిన ప్రతి మనిషికీ గాయం ఉండి ఉండవచ్చనుకుని మొత్తం ఏర్పాటును తీర్చిదిద్దాలన్నది దాని సారం. ఎవరికి గాయముందో ముందు నిరూపించమని అడగరు. నర్సు రోగిని బట్టి కాకుండా అందరి దగ్గరా గ్లౌజులు వేసుకున్నట్టే ఇదీ. 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా దీన్ని ఆరు సూత్రాలుగా చెప్పింది: భద్రత, దాపరికం లేకపోవడం, అదే అనుభవం ఉన్నవారి తోడు, కలిసి నిర్ణయించడం, ఎంచుకునే స్వేచ్ఛ, సంస్కృతి-స్త్రీపురుష భేదాల పట్ల ఎరుక. చదవడానికి ఇవి బాగానే ఉంటాయి. వీటి నిజానిజాలు తేలేది మాత్రం రాత్రి పదింటికి, హోమ్ గేటు దగ్గర.

మొదటి అరగంట

ఇద్దరు పిల్లలతో ఒక తల్లిని పోలీసు వాహనంలో తీసుకొచ్చారనుకుందాం. మామూలుగా జరిగే వరస ఇలా ఉంటుంది. వాచ్‌మన్ గేటు తీస్తాడు, వార్డెన్‌ను లేపుతారు, రిజిస్టర్ తెరుస్తారు. పేరు, భర్త పేరు, ఊరు, కులం, ఆధార్ నంబర్, ‘ఎందుకొచ్చావు’. ఈ చివరి ప్రశ్నకు జవాబు ఆమె కానిస్టేబుల్, వాచ్‌మన్, తన ఇద్దరు పిల్లలు వింటుండగా చెప్పాలి. సంచి వెతుకుతారు, ఫోన్ తీసి అల్మారాలో పెడతారు. వంటగది ఎప్పుడో మూసేశారు. హాలు మధ్యలో ఖాళీగా ఉన్న మంచం చూపిస్తారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా ప్రతి అడుగులోనూ ఆమె చేతిలో ఉన్నది ఏదో ఒకటి పోతోంది. ఇంట్లో జరిగిందీ అదే.

మారిన పద్ధతిలో పనులన్నీ ఉంటాయి, వాటి వరస మారుతుంది. ముందు మంచినీళ్లు, పిల్లలకు పాలు, ఏదో ఒక వేడి తిండి, బాత్రూమ్, అవసరమైతే ప్యాడ్లు, మార్చుకోవడానికి బట్టలు. తర్వాత ఆమె అడగకుండానే కొన్ని విషయాలు చెబుతారు. ఈ రాత్రి లోపల ఎవరెవరుంటారు, మగవాళ్లు ఎవరైనా ఉంటారా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లైటు ఎప్పుడు తీస్తారు, రేపు పొద్దున ఏం జరుగుతుంది. ఆ రాత్రికి ఆమెను అడగాల్సినవి కొన్నే: దెబ్బలేమైనా తగిలాయా, రోజూ వేసుకునే మందులున్నాయా, ఎవరైనా వెతుక్కుంటూ వచ్చే ప్రమాదముందా. మిగతా రిజిస్టర్ రేపటికి ఆగుతుంది. ఆ రేపు కూడా పిల్లలు పక్కన లేనప్పుడు, తలుపు వేసిన గదిలో, ఈ వివరాలు ఎందుకు అడుగుతున్నారో, ఏ ఆఫీసుకు వెళ్తాయో చెప్పి అడుగుతారు. చెప్పడం ఇష్టం లేకపోతే ఆపేయవచ్చని కూడా చెబుతారు. ‘ఏమే’ పోయి ‘అమ్మా, మీరు’ వస్తే అందుకు ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. మొత్తంగా ఈ మార్పులకయ్యే ఖర్చు దాదాపు శూన్యం, అయినా ఇవే అన్నిటికన్నా వెనక వస్తాయి.

ఒకే కథ పదిసార్లు చెప్పించడం ఇంకో దెబ్బ. పోలీస్ స్టేషన్, ఆసుపత్రి, సఖి సెంటర్, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్, పిల్లలుంటే బాలల సంక్షేమ కమిటీ, హోమ్, కోర్టు. ప్రతిచోటా మొదటి నుంచి చెప్పాలి. ఈ తిరుగుడు తగ్గించాలనే 2015లో నిర్భయ నిధితో వన్ స్టాప్ సెంటర్లు మొదలయ్యాయి. మనం సఖి సెంటర్లు అంటున్నవి అవే. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉద్దేశం కూడా పోలీసు, వైద్యం, న్యాయసాయం ఒకే కప్పు కిందికి తేవడమే. కాగితాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆమెతోపాటు వెళ్లకపోతే ఎన్ని కప్పులు కలిపినా కథ మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక రాత్రి. తాగొచ్చి తలుపు బాదే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి, అర్ధరాత్రి తనిఖీ పేరుతో తలుపు మీద కర్రతో కొట్టిన చప్పుడు ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. గోడవైపు, తలుపు కనబడేలా మంచం వేసుకోనివ్వడం, బాత్రూమ్‌కు లోపలి గడియ, రాత్రంతా చిన్న లైటు, తనిఖీకి వచ్చేవారు ముందు పేరు పెట్టి పిలవడం లాంటివి ఇంజినీర్లు, వార్డెన్లు కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో తేల్చగలిగిన విషయాలు. పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకు జాతీయ మార్గదర్శకాలు మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. ఆ చోటు ఎలా ఉండాలన్నది కూడా అంతే ముఖ్యం.

తాళం ఎవరి దగ్గర

హోమ్‌లకు తాళాలు వేయడానికి రెండు కారణాలు చెబుతారు. ఒకటి, బయటి ముప్పు: భర్త, అన్నదమ్ములు, అమ్మేసిన దళారి. ఇది నిజమైన భయం. రెండోది ఎవరూ పైకి చెప్పరు: లోపలి మనిషి బయటికెళ్లి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది వార్డెన్. ఈ రెండో భయమే నిబంధనలను ఎక్కువగా రాసింది. అందువల్ల తనంతట తాను వచ్చిన పెద్ద మనిషి, పని వెతుక్కోవడానికి బయటికి వెళ్లాలన్నా అర్జీ పెట్టుకోవాల్సి వస్తోంది.

మూసిన గేటు వెనక ఏం జరగవచ్చో బిహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. అక్కడి బాలికల గృహంలో అమ్మాయిలపై జరుగుతున్న లైంగిక హింస 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) బృందం చేసిన సోషల్ ఆడిట్‌తో బయటపడింది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు, ఆ గృహాన్ని నడిపిన బ్రజేష్ ఠాకూర్‌తో సహా 19 మందిని దోషులుగా తేల్చింది. ఆ తర్వాతి నెలలో అతనికి జీవితఖైదు విధించింది. ఇలాంటి ఘటన తర్వాత సాధారణంగా వినిపించేది ఇంకా ఎత్తు గోడలు, ఇంకా సీసీ కెమెరాల డిమాండు. ముజఫర్‌పూర్‌లో లోపమైంది గోడ కాదు. ఆ అమ్మాయిల మాట వినే మనిషి బయటి నుంచి రాకపోవడం. ఆడిట్ బృందం వచ్చి పిల్లలతో కూర్చుని మాట్లాడాకే విషయం తెలిసింది.

తెరిచి ఉంచడమే భద్రత అనుకుని నడిచిన నమూనాలూ ఉన్నాయి. కోల్‌కతాలోని లొరేటో సియాల్దా బడిలో సిస్టర్ సిరిల్ మూనీ, వీధిలో బతికే బాలికలకు బడిలోనే ఉండే వీలు కల్పించారు. ఆ ఆలోచనే రెయిన్‌బో హోమ్స్‌గా పెరిగి హైదరాబాద్‌కూ వచ్చింది. వాడకుండా ఉన్న ప్రభుత్వ బడి గదులను నివాసంగా మార్చుకుని, పిల్లలు మిగతా అందరు పిల్లల్లాగే బడికెళ్తూ, వీధిలో ఉన్న తల్లితో సంబంధం తెగకుండా ఉండడం దీని పద్ధతి. బలవంతంగా పట్టుకొచ్చి ఉంచడం ఇందులో ఉండదు. రోజూ బడికెళ్లి టీచర్లతో, స్నేహితులతో మాట్లాడే పిల్లలున్నచోట ఏళ్ల తరబడి రహస్యం దాచడం కష్టం.

అయితే ప్రాణభయం ఉన్న మహిళకు తెరిచిన గేటు భద్రత కాదు. బ్రిటన్‌లో ఇలాంటి రెఫ్యూజ్‌ల చిరునామాను సాధారణంగా బయటపెట్టరు. మన దగ్గర హోమ్ బోర్డు రోడ్డు మీదికి పెద్ద అక్షరాలతో ఉంటుంది, లోపలివాళ్లకు మాత్రం బయటికెళ్లడానికి అనుమతి కావాలి. అంటే వెతుక్కుంటూ వచ్చేవాడికి దారి సులువు, ఉండేవారికి కష్టం. ముప్పు ఎక్కువున్న కొద్దిమందిని బోర్డు లేని చిన్న ఇళ్లలో ఉంచి, మిగతావారికి తాళం తీసేయడం దీనికి అందుబాటులో ఉన్న పరిష్కారం.

కొడుకుకు ఎనిమిదేళ్లు దాటితే

కష్టాల్లో ఉన్న మహిళల కోసం 2022 దాకా నడిచిన కేంద్ర పథకం స్వధార్ గృహాల నిబంధనల ప్రకారం తల్లితోపాటు ఆడపిల్లలను 18 ఏళ్ల దాకా, మగపిల్లలను 8 ఏళ్ల దాకా ఉండనిచ్చేవారు. ఎనిమిది దాటిన అబ్బాయిని బాలల గృహానికి పంపాల్సి వచ్చేది. తోటి మహిళల, అమ్మాయిల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన నియమం ఇది. దానికి అర్థం లేకపోలేదు. కానీ పదకొండేళ్ల కొడుకున్న తల్లి స్థానం నుంచి చూస్తే, భర్త దెబ్బల నుంచి తప్పించుకోవడానికి ఆమె చెల్లించాల్సిన మూల్యం కొడుకు. అమ్మను కొడుతుంటే అడ్డుపడ్డ ఆ అబ్బాయికి, తననే శిక్షించినట్టు అనిపిస్తుంది. ఈ షరతు విన్నాక కొందరు తల్లులు ఆశ్రయం వద్దనుకుంటారు. మిగిలే దారులు రెండే, ఫుట్‌పాత్ లేదా వదిలొచ్చిన ఇల్లు. స్వధార్, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల పథకాలు 2022లో కేంద్రం మహిళల కోసం తెచ్చిన మిషన్ శక్తి కింద ‘శక్తి సదన్’గా కలిసిపోయాయి. వయోపరిమితిని కాస్త ముందుకు జరిపినా, అందరికీ ఒకే హాలు ఉన్నంతకాలం చిక్కు తీరదు. తల్లీపిల్లలకు గడియ పెట్టుకునే ఒక్కో చిన్న గది ఉంటే వయసు ప్రశ్నే పలచబడుతుంది.

వీధిలో తల్లితోపాటు అడుక్కుంటూ కనబడ్డ పిల్లలది ఇదే కథకు ఇంకో ముఖం. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు పిల్లలను కాపాడి బాలల సంక్షేమ కమిటీ ముందుకు తెస్తారు. పనిలో మగ్గుతున్న పిల్లలకు ఇది మేలే చేసింది. తల్లి చంకలో ఉన్న పిల్ల విషయంలో మాత్రం యూనిఫాం వేసుకున్నవారు వచ్చి అమ్మ నుంచి వేరు చేయడమే ఆ పిల్లకు గుర్తుండిపోతుంది. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని 2015 బాలల న్యాయ చట్టమే చెబుతోంది. పిల్లలు కుటుంబంలోనే ఉండేలా మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కూడా ఉంది. తల్లిని, బిడ్డను కలిపి ఉంచే షెల్టర్ దగ్గర్లో లేకపోతే కమిటీ ముందు ఈ దారులేవీ తెరుచుకోవు.

ఆసుపత్రికీ ఇంటికీ మధ్య

మానసిక అనారోగ్యంతో రోడ్డు మీద తిరిగే మహిళను మన వైపు ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆసుపత్రికో చేరుస్తారు. కోలుకున్నాక ఎక్కడికి వెళ్లాలన్నదే ప్రశ్న. ఇల్లు లేదనో, కుటుంబం రానివ్వడం లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. దానికి తగ్గ ఇళ్లు మాత్రం కొన్నే.

చెన్నైలో వందన గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో మొదలుపెట్టిన ‘ది బన్యన్’ ఈ ఖాళీని దగ్గర నుంచి చూసింది. మొదట అది వీధిలోని మహిళలకు చికిత్స ఇచ్చి ఇంటికి చేర్చే కేంద్రం. ఇంటికి వెళ్లలేని వారు ఏళ్ల తరబడి లోపలే మిగిలిపోవడం చూశాక, 2015లో ‘హోమ్ ఎగైన్’ మొదలైంది. నలుగురైదుగురు మహిళలు మామూలు వీధిలో అద్దె ఇంట్లో కలిసి ఉంటారు. వంట ఏంటో వాళ్లే తేల్చుకుంటారు, కూరగాయలు వాళ్లే తెచ్చుకుంటారు, పక్కింటివాళ్ల పేరంటాలకు వెళ్తారు. అవసరమైనంత మేరకు ఒక సహాయకురాలు తోడుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి నమూనాలుగా ఎంచి చూపిన సేవల్లో ఇదొకటి. ఏ కూర వండాలో తేల్చుకోవడం చికిత్సా అని అనుమానం రావచ్చు. ఇరవై ఏళ్లుగా ఎవరో పెట్టింది తిన్న మనిషికి, ఎంచుకునే హక్కు తిరిగి రావడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఐదు రోజులు, ఆ తర్వాత?

సఖి సెంటర్‌లో తాత్కాలిక వసతి గరిష్ఠంగా 5 రోజులు. 2022 దాకా ఉన్న స్వధార్ గృహాల్లో గృహహింస బాధితులకు ఏడాదే గడువు ఉండేది. గృహహింస పిటిషన్‌ను మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెప్పినా, ఆచరణలో వాయిదాలు ఏళ్లు సాగుతాయి. అంటే మనోవర్తి రాకముందే ఆశ్రయం గడువు ముగుస్తుంది. గడువు దగ్గరపడే కొద్దీ భయం మళ్లీ పుంజుకుంటుంది. నిద్ర దూరమవుతుంది, పిల్లలు మళ్లీ పక్క తడుపుతారు, నెలల తరబడి కుదుటపడ్డది వారాల్లో చెదిరిపోతుంది.

అమెరికాలో 2010-12 మధ్య సుమారు 2,300 నిరాశ్రయ కుటుంబాలను చేర్చుకుని ‘ఫ్యామిలీ ఆప్షన్స్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. లాటరీ పద్ధతిలో కొందరికి దీర్ఘకాల అద్దె సాయం, కొందరికి తక్కువ కాలపు అద్దె సాయం, కొందరికి కౌన్సెలింగ్ తదితర సేవలతో కూడిన తాత్కాలిక నివాసం, మిగతావారికి మామూలు షెల్టర్ దారి చూపారు. మూడేళ్ల తర్వాత చూస్తే అన్నిటికన్నా మేలు చేసింది మొదటిదే. మళ్లీ రోడ్డున పడడం ఒక్కటే కాదు, భాగస్వామి హింస, తల్లుల మానసిక వేదన, పిల్లలు బడులు మారడం కూడా తగ్గాయి. సేవలు దండిగా ఉన్న తాత్కాలిక నివాసం అంత ప్రభావం చూపలేదు. అద్దె సాయం పొందినవారు పనిచేయడం కొంత తగ్గిందన్న ఫలితాన్నీ దాచకూడదు. అయినా, తిరిగి వెళ్లకపోయినా బతకగలనన్న ధీమాను కౌన్సెలింగ్ కన్నా అద్దె డబ్బులు ఎక్కువగా ఇచ్చాయన్నది కొట్టిపారేయలేని విషయం.

మన పథకాల్లో ఒక కొసన మంచం ఉంది, మరో కొసన ఇళ్ల పట్టా ఉంది. మధ్యలో అద్దె లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల స్థలాలు, తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు మహిళల పేరుతోనే ఇస్తున్నారు. కానీ ఇల్లు వదిలొచ్చిన మహిళ రేషన్ కార్డు, ఆధార్ చిరునామా భర్త ఇంటివే. ఒంటరి మహిళ పింఛను తెలంగాణలో 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 4,000. అది రావాలంటే స్థానికంగా విచారణ జరగాలి, విచారణకు వెళ్లేది ఆమె పారిపోయి వచ్చిన ఊరికే. ఇంటి యజమాని అడిగే మొదటి ప్రశ్న ‘మీ ఆయన ఏం చేస్తాడు’, రెండోది అడ్వాన్స్. ఈ రెండింటికీ జవాబు హోమ్ దగ్గర లేదు.

శాఖల మధ్య గోడ ఇంకొకటి. 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్షకో షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2013 నుంచి వాటిని పట్టణ జీవనోపాధి మిషన్ కింద చేర్చారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని మున్సిపాలిటీలు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన మిషన్) చూస్తాయి. సఖి, శక్తి సదన్‌లు స్త్రీ శిశు సంక్షేమ శాఖవి. మున్సిపల్ షెల్టర్‌కు వచ్చిన తల్లి హింస బాధితురాలా అని ఎవరూ అడగరు, సఖికి వచ్చిన మహిళ ఐదు రోజుల తర్వాత నిరాశ్రయురాలని ఎవరూ రాసుకోరు.

వార్డెన్ సంగతి

ఇవన్నీ అమలు చేయాల్సింది తక్కువ గౌరవ వేతనంతో పగలూ రాత్రీ డ్యూటీలో ఉండే ఒక మనిషి. రోజూ ఇలాంటి కథలు వినేవారికి ఆ టెన్షన్ అంటుకుంటుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, చివరికి ఏమీ అనిపించకపోవడం. కేకలేసే వార్డెన్ చాలాసార్లు అలసిపోయిన వార్డెన్. ఒక్కరోజు వర్క్‌షాప్‌కు పంపి సర్టిఫికెట్ ఇస్తే ఇది మారదు. రాత్రిపూట రెండో మనిషి, షిఫ్టులు, వారానికోసారి కష్టమైన కేసుల గురించి మాట్లాడుకునే గంట, లోగడ అక్కడే ఉండి నిలదొక్కుకున్న మహిళలకు ఉద్యోగం ఇవ్వడం అక్కరకొస్తాయి. సిబ్బందికి శిక్షణ ఇస్తే ఫలితాలు ఎంత మారతాయన్నదానికి ఉన్న ఆధారాలు, అద్దె సాయానికి ఉన్నంత గట్టివి కావు. అందుకే శిక్షణ ఒక్కటే చేసి ‘ట్రామా ఇన్ఫార్మ్‌డ్’ అని బోర్డు మార్చుకునే సంస్థలను కాస్త అనుమానంగానే చూడాలి.

తనిఖీ ఫారాల్లో సాధారణంగా ఉండేవి మంచాలు, సరుకుల నిల్వ, కెమెరాలు, హాజరు. వాటికి మూడు వరుసలు చేర్చడం జిల్లా స్థాయిలోనే సాధ్యం. ఈ మూడు నెలల్లో గడువుకు ముందే వెళ్లిపోయినవారెందరు, ఎందుకు వెళ్లారు. కొడుకు వయసు కారణంగా చేర్చుకోలేకపోయిన తల్లులెందరు. వెళ్లినవారిలో ఆరు నెలల తర్వాత సొంత అద్దె ఇంట్లో ఉన్నది ఎందరు, తిరిగి దెబ్బలు తినే ఇంటికి చేరింది ఎందరు. ఈ అంకెలు ఒక్క ఏడాది నిజాయితీగా రాసి పెట్టినా, ఏ నిబంధన ఎవరిని బయటికి పంపుతోందో హోమ్‌ల వారీగా కనబడుతుంది.